ఆర్ నదీలోయయందలి ద్రాక్షసేద్యము

ద్రాక్ష వేఁడి దేశముల పంట యని మనలో ననేకుల తలంపు. జర్మనీలో రైను నదిం గలియు ఆర్ అను చిన్న యేటి లోయ 50 డిగ్రీల యుత్తర అక్షాంశమును దాఁటి యున్నను, అచ్చట నల్లద్రాక్ష చక్కఁగాఁ బండుచున్నది. దానినుండి యెఱ్ఱని సారాయము తీయుదురు. త్రాగుఁడని మేము చెప్పుట లేదు. నేల సంగతియే మాకుఁ గావలసినది.

ఐఫెల్ కొండలు వానమేఘములను, చలిగాలులను గొంతవఱ కడ్డగించును. ఏఱు వంకరలు తిరుగుచుఁ గొండలను గోయుటచే దక్షిణముఖముగా నిటారు వాలు లేర్పడినవి. ఆ దేశమున సూర్యుఁడు నడినెత్తికి రాఁడు. ఏటవాలుగా వచ్చు కిరణములు చదునునేలపైఁ బలుచఁబడును గాని వాలుపై సూటిగాఁ దగులును. అచ్చటి నేల చాలవఱకుఁ బలకరాయి చెక్కలు. నల్లని యా రాయి పగలు కాఁగి, రాత్రి యా వేఁడిని మెల్లగాఁ దీఁగలకు విడుచును. మన్ను జాఱకుండఁ గట్టిన రాతిగోడలును అట్లే చేయును. చట్టుభూమిని జూచి మన రైతు మొగము త్రిప్పుకొనును. అచ్చట దానినే కోరుదురు. లోతులేని నేల గనుక తీఁగ యేపుగాఁ బెరుగదు. వేళ్లు రాతి నెఱ్ఱెలలోనికి దిగును. కాపు తక్కువ, రసము చిక్కన. లోయ వెడల్పగు దిగువభాగమున గాలి తెచ్చిన మెత్తని మన్ను గలదు. అచ్చటి సారాయపు రుచియు వేఱు.

వాలుపై నాఁగలి సాగదు, పని చాలవఱకుఁ జేతులతోనే. కమతములు చిన్నవి, పూర్వము ధర వర్తకుఁడు చెప్పినదే. 19వ శతాబ్ది మధ్యమునఁ బలువురు బీదఱికము తాళలేక అమెరికాకు వలసపోయిరి. 1868లో మైషోస్ గ్రామమున 18 మంది రైతులు సంఘముగాఁ గూడి, పంటను ఉమ్మడిగా సారాయము చేసి యమ్మసాగిరి. ఇట్టి సంఘములలో నిది మిక్కిలి ప్రాచీనమైన వానిలో నొకటి.

2021 జూలై 14వ తేది రాత్రి లోయకు గొప్ప వరద వచ్చినది. ఎండను బట్టి యిచ్చు వాలులే, నీటిని నిలుపలేని పలుచని నేలయే, యిఱుకైన లోయయే వాననీటి నంతయు నొక్కమాఱుగా నేటిలోనికిఁ ద్రోసినవి. 130 మందికి మించి మరణించిరి. ఒడ్డుతోఁటలు కొట్టుకొనిపోయినవి, సారాయపుఁ గొట్లు బురదతో నిండినవి. వాలుపైఁ దీఁగలు మాత్రము చాలవఱకు నిలిచినవి. కాయ పండుచుండెను గాని, కోయుటకుఁ బనిముట్లు లేవు. ఇతర ప్రాంతముల ద్రాక్షరైతులు తమ యంత్రములతో వచ్చి యా యేఁటి కోఁతకుఁ దోడ్పడిరి. బురదలోఁ జిక్కిన సీసాలను గడుగకయే యమ్మి, యా సొమ్మును సహాయనిధికిఁ జేర్చిరి.