లెక్క అడుగబడనివారు

పాఠ్యభాగము: 2 రాజులు 12:4–15, కొలొస్సయులకు 3:22–4:1

యూదా రాజైన యోవాషు దినములలో దేవుని మందిరము శిథిలమై యుండెను. అతని యేలుబడిలో 23వ సంవత్సరము వరకు యాజకులు దానిని బాగుచేయింపలేదు. అప్పుడు యాజకుడైన యెహోయాదా ఒక పెట్టె మూతకు రంధ్రము చేసి బలిపీఠము దగ్గర నుంచెను. అందులో పడిన ద్రవ్యమును రాజు లేఖికుడును ప్రధాన యాజకుడును లెక్కించిరి. అయితే దానిని అందుకొని వడ్రంగులకును రాతిపనివారికిని కూలి యిచ్చిన పెద్దలను ఎవరును లెక్క అడుగలేదు. వారు నమ్మకస్థులని 15వ వచనము సాక్ష్యమిచ్చుచున్నది.

కాబట్టి లెక్క చూచుట పాపము కాదు. నమ్మిక సన్నగిల్లిన చోట అది అవసరమాయెను. నమ్మిక నిలిచిన చోట అవసరము లేకపోయెను.

1888లో అమెరికాలోని ఆబర్న్ పట్టణమందు విల్లార్డ్ బండీ అను నగల వర్తకుడు, పనివారు వచ్చిపోవు వేళలను నమోదుచేయు గడియారమును కనిపెట్టెను. నేడు ఆ పనిని సాఫ్ట్‌వేరు చేయుచున్నది. ఉద్యోగి ఏ పనిమీద ఎన్ని నిమిషము లున్నాడో, కీబోర్డును మౌసును ఎంతసేపు కదపెనో అది వ్రాసికొనును. కొన్నిచోట్ల కంప్యూటరు తెరను ఫోటో తీయును. హైదరాబాదులోను విదేశములలోను ఉద్యోగములు చేయు మన సంఘ యౌవనులకు ఇది క్రొత్త సంగతి కాదు. ఈ విషయమై వాక్యము ఇరుపక్షములవారితోను మాటలాడుచున్నది.

1. పనివానితో. 2024 మే నెలలో అమెరికాలోని వెల్స్ ఫార్గో బ్యాంకు, కీబోర్డు కదలికను కల్పించి పనిచేయుచున్నట్లు అగుపరచిరను అభియోగముపై డజనుకు పైగా ఉద్యోగులను తొలగించెను. కన్ను చూచుచున్నప్పుడే పనిచేయువాడు, ఆ కన్నును మోసగించు త్రోవను కూడ వెదకును. పౌలు బోధించిన పని అట్టిది కాదు. అది ప్రభువు నిమిత్తమైనది; చూచువారు లేని గదిలోను అదే విధముగా జరుగును.

2. యజమానునితో. ఫ్రాన్సులోని అమెజాన్ గిడ్డంగులలో పనివాని స్కానరు 10 నిమిషములు ఊరకున్న యెడల అది నమోదగుచుండెను. ప్రతి విరామమునకును సంజాయిషీ చెప్పుకొనవలసి వచ్చునంత సూక్ష్మమైన లెక్క తగదని, ఆ దేశపు సమాచార రక్షణ సంస్థ 2024 జనవరిలో జరిమానా ప్రకటించెను. ఫరో అధికారులు గడ్డి ఇయ్యకయే ఇటుకల లెక్క అడిగిరి (నిర్గమ 5). మన దేవుడైతే దాసికుమారునికి సహితము విశ్రాంతి నియమించెను (నిర్గమ 23:12). ఆలోచించుట, క్రొత్తవానికి పని నేర్పుట, దుఃఖములో నున్న తోటివానితో మాటలాడుట ఏ కీబోర్డు లెక్కకును అందవు. యజమానుడు లెక్క ఉంచుకొనవచ్చును. అది న్యాయమైనదిగాను, పనివానికి ముందుగా తెలిసినదిగాను ఉండవలెను. పరలోకమందు తనకును ఒక యజమానుడున్నాడు.

తప్పు లెక్కవలన నలిగిన సహోదరులు మనలో ఉండవచ్చును. లాబాను యాకోబు జీతమును పదిమారులు మార్చెను. అయినను దేవుడు అతని కష్టమును చూచెను (ఆది 31:7, 42). ఆయన పుస్తకములో పొరపాటు లేదు.

ఆలోచింపవలసినవి: ఎవరును చూడనప్పుడు మన పని ఎట్లున్నది? మన యింట పనిచేయువారిని మనము ఏ కొలతతో కొలుచుచున్నాము?