ఇంటి ముంగిట కాంక్రీటు దారి: అందంతో పాటు పశువుకు పట్టు



పాల సొమ్ము నాలుగు రూపాయలు చేతిలో నిలిచినప్పుడు, ఇంటి గుమ్మం నుండి రోడ్డు వరకు కాంక్రీటు దారి వేయించాలని చాలామంది సభ్యులు కోరుకుంటున్నారు. రాజవొమ్మంగి వంటి మన్యపు గ్రామాలలో ఈ అవసరం మరీ ఎక్కువ. ఇళ్ళు వాలు నేలపై ఉంటాయి. వానాకాలమంతా బురద జారుతుంది. ఆ దారినే ఆవు పాకకు పోవాలి, పాల క్యాను కేంద్రానికి రావాలి, మోటారు సైకిలు ఎక్కాలి. కనుక దారి వద్దని మేము చెప్పము. ఎలా వేయించాలో చెప్పడమే ఈ పాఠం ఉద్దేశం.

ఒక అనుభవం

కొన్నేళ్ళ క్రితం మన్యంలో ఒక సభ్యురాలు రోడ్డు నుండి పాక దాకా వాలుగా దారి వేయించారు. పైన రెడాక్సైడు కలిపిన సిమెంటు పూసి అద్దంలా నున్న చేయించి, అంచులకు పద్మాల ముగ్గు దిద్దించారు. తనిఖీకి వెళ్ళిన మేము కూడా చూసి మెచ్చుకున్నాము. తొలకరి వానకు ఆ దారిపై నిండు చూడి ఆవు వెనుక కాళ్ళు చెరొక వైపుకు జారి పడిపోయింది. మరి లేవలేదు. నాలుగో రోజున ఆవు, కడుపులోని దూడ రెండూ పోయాయి. అప్పు వాయిదాలు మాత్రం మిగిలాయి. “మేస్త్రి తప్పు లేదండి, నున్నగా చెయ్యమన్నది నేనే” అని ఆమె అన్నారు. మెచ్చుకున్నవారిలో మేమూ ఉన్నాము గనుక ఆ మాట మాకూ తగిలింది.

1. ముందు నీటి వాటం చూడవలెను

వాన కురుస్తుండగా వాకిట్లో నిలబడి నీరు ఎటు పోతున్నదో గమనించండి. దారి నిలువు వాలు 10 అడుగులకు 1 అడుగు మించరాదు. మించేటట్లయితే దారిని వంపు తిప్పవలెను. అడ్డంగా కూడా వాటం కావాలి. 10 అడుగుల వెడల్పుకు ఒక పక్క రెండున్నర అంగుళాలు దిగువ ఉంచి, ఆ పక్కన కాలువ తీయవలెను. నీరు ఇంటి గోడ వైపు రాకూడదు.

2. పునాది, మందం

పై మెత్తటి మట్టిని 6 అంగుళాలు తీసివేసి, అడుగు నేలను దిమ్మిసతో కొట్టి, 4 అంగుళాల గ్రావెలు పరచి తడిపి మళ్ళీ దిమ్మిస వేయాలి. మనుషులు, పశువులు, మోటారు సైకిలు నడిచే దారికి 4 అంగుళాల కాంక్రీటు చాలు. ట్రాక్టరు, పాల వ్యాను వచ్చేటట్లయితే 6 అంగుళాలు అవసరం.

3. పాళ్ళు, లెక్క

సిమెంటు 1, ఇసుక ఒకటిన్నర, చిప్సు 3 పాళ్ళు వాడండి. 30 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 4 అంగుళాల మందం గల దారికి 100 ఘనపుటడుగుల కాంక్రీటు పడుతుంది. దానికి సుమారు 23 బస్తాల సిమెంటు, 42 ఘనపుటడుగుల ఇసుక, 84 ఘనపుటడుగుల చిప్సు కావాలి. 50 కిలోల బస్తాకు నీరు 25 లీటర్ల వరకే. సులువుగా జారుతుందని నీరు ఎక్కువ పోస్తే బలం తగ్గుతుంది.

వాగు ఇసుకలో మట్టి ఉన్నదేమో చూడండి. గాజు సీసాలో సగం ఇసుక వేసి ఉప్పు నీరు పోసి కలిపి మూడు గంటలు ఉంచండి. పైన తేరిన ఒండ్రు, ఇసుక మట్టంలో పన్నెండో వంతు మించితే ఇసుకను కడగవలెను.

ప్రతి 8 లేక 10 అడుగులకు అడ్డంగా ఒక అంగుళం లోతు కోత ఉంచాలి. కాంక్రీటు ఆరుతూ కుదించుకుపోతుంది. కోత లేకపోతే తనకు నచ్చిన చోట పగులుతుంది.

4. అందం ఎక్కడ పెట్టాలి?

నడిచే చోట నునుపు పనికిరాదు. పొడి సిమెంటు చల్లి తాపీతో మెరుగు పెడితే జారుతుంది, పై పొర పెచ్చులుగా లేస్తుంది కూడా. పట్నాలలో అచ్చులు నొక్కి రాతి పలకల్లా కనిపించేట్లు చేసి మెరుగు రసాయనం పూస్తున్నారు. అది కూడా తడిస్తే జారుతుంది.

మన ఇంటి ఆడవారికి తెలిసిన గళ్ళ ముగ్గే ఇందుకు తగినది. కాంక్రీటుపై నీటి మెరుపు ఆరి, బొటనవేలు నొక్కితే కొద్దిగా గుర్తు పడేటప్పుడు, అర అంగుళం చువ్వతో ఏటవాలుగా రెండు వైపుల నుండి గాళ్ళు నొక్కించండి. గాడికి గాడికి 4 అంగుళాల ఎడం, అర అంగుళం లోపు లోతు ఉండాలి. గిట్ట ఎక్కడ పడినా ఒక గాడి అంచు పట్టు ఇస్తుంది. అంచులు గిట్టను కోయకుండా తాపీతో కాస్త మొద్దు చేయవలెను. రంగు, పద్మాలు, గులకరాళ్ళ వరుస పశువు తొక్కని పక్క అంచులకు పెట్టుకోండి. రంగు పొడి సిమెంటు బరువులో నూటికి 5 పాళ్ళు చాలు.

5. తడుపుట

ఐ.ఎస్. 456 (2000) ప్రమాణం ప్రకారం మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, బూడిద లేక స్లాగు కలిసిన సిమెంటుకు 10 రోజులు తడి ఉంచాలి. ఏ రకమో బస్తాపై ఉంటుంది. గోనె సంచులు పరచి తడపండి. అంతవరకు పశువును ఎక్కించరాదు. తరువాత కూడా ఇటుక ముక్కతో గరుకు మొనలు రుద్ది, బాగా కడిగిన పిమ్మటే నడిపించండి. బరువు బండ్లకు 28 రోజులు ఆగాలి. డిసెంబరు నుండి ఫిబ్రవరి వరకు ఈ పనికి అనువైన కాలం.

6. సంరక్షణ

ఒలికిన పాలను వెంటనే కడగాలి. పాలు పులిస్తే పుట్టే లాక్టిక్ ఆమ్లం సిమెంటులోని సున్నాన్ని తినివేస్తుంది. పేడ, మూత్రం గాళ్ళలో నిలవనీయక రోజూ చీపురుతో ఊడ్వండి. పేడ నిండిన గాడి లేనిదానితో సమానం. వానాకాలంలో పాచి పడితే బ్లీచింగు పౌడరు నీటితో రుద్ది శుభ్రంగా కడగండి. కడిగేవరకు పశువును దూరంగా ఉంచండి. యాసిడ్ వాడవద్దు, బ్లీచింగుతో కలపనే వద్దు. పగుళ్ళను వానలకు ముందే పూడ్చండి.

సంఘ సమావేశంలో చర్చకు

(1) మన పాల కేంద్రం మెట్ల ముందు నేల తడిస్తే జారుతున్నదా?
(2) గాళ్ళు నొక్కే పని తెలిసిన మేస్త్రి మన ఊరిలో ఉన్నారా?
(3) ఇదివరకే నున్నగా వేసిన దారిపై గాళ్ళు కోయించుటకు ఎంత ఖర్చవుతుంది?

మూడవ ప్రశ్నను ముందుగా చర్చించవలసిందిగా మనవి. చూడి పశువు ఉన్న ఇంట ఈ పనిని వచ్చే వానల వరకు వాయిదా వేయరాదు.