ఇంటియొద్దనే విద్య: ఉచిత పాఠ్యక్రమములు

సహకార సంఘ సభ్యులకు విద్య యేల యను ప్రశ్న క్రొత్తది కాదు. ఇంగ్లాండు దేశమున రాచ్‌డేల్ పట్టణపు నేతపనివారు మొదలగువారు 1844లో సహకార దుకాణమును స్థాపించిరి. పిమ్మట వారు లాభములో నూటికి రెండున్నర వంతును సభ్యుల విద్యకై ప్రత్యేకించి, గ్రంథాలయమును, పఠన మందిరమును నడపిరి. సరకును సరిగా తూచుట యెంత ముఖ్యమో, ఆ లెక్కను సభ్యుడు తానే సరిచూచుకొనగలుగుటయు నంతే ముఖ్యము. కాని సర్వసభ్య సమావేశమున జమాఖర్చుల పట్టికను చదువునపుడు, అర్థము కాకున్నను చేయెత్తి ఆమోదించు సభ్యులు మనలో ననేకులు గలరు. అట్టివారు సంఘమునకు యజమానులయ్యును అతిథులవలె కూర్చుండుచున్నారు. ఈ లోపమును తీర్చుకొనుటకు నేడు చేతిలోని ఫోనే యొక సాధనమైనది. దానిని గూర్చి యీ మాసము విన్నవించుచున్నాము.

బడియీడు దాటినవారికి విద్యను ఇంటికే చేర్చు ప్రయత్నము అంతర్జాలముతో పుట్టినది కాదు. 1969లో బ్రిటనున స్థాపింపబడిన ఓపెన్ యూనివర్సిటీ, పూర్వ పరీక్షల యర్హతను అడుగకయే వయోజనులను చేర్చుకొనెను. హైదరాబాదున 1982లో వెలసి, నేడు డాక్టరు బి.ఆర్. అంబేద్కరు గారి పేర నడుచుచున్న సార్వత్రిక విశ్వవిద్యాలయము మన దేశమున నట్టివానిలో మొదటిది. తరువాత 2001లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయము తన పాఠములను అంతర్జాలము ద్వారా లోకమునకెల్ల ఉచితముగా నిత్తునని ప్రకటించెను. 2006లో బ్రిటనులోని ఓపెన్ యూనివర్సిటీ ‘ఓపెన్‌లెర్న్’ను, 2017 జూలై 9వ తేదీన భారత ప్రభుత్వము ‘స్వయం’ను ప్రారంభించినవి.

వీనిలో గణితము, ఆరోగ్యము, చరిత్ర, విజ్ఞానశాస్త్రము, వాణిజ్యము మొదలగు పెక్కు విషయములలో ప్రవేశ పాఠములు కలవు. ‘ఓపెన్‌లెర్న్’లో ఒక్కొక్క పాఠ్యక్రమము ప్రారంభకులకు తగినదో కాదో, దాని కెన్ని గంటలు పట్టునో ముందుగనే తెలుపుదురు. జమాఖర్చుల వ్రాతను పరిచయము చేయు పాఠ్యక్రమమును అందున్నది. ‘స్వయం’లో ఉపన్యాసపు వీడియో, చదువుకొను పాఠము, తన్ను తాను పరీక్షించుకొను ప్రశ్నలు, సందేహములకు చర్చావేదిక యను నాలుగంగములు గలవు.

ఉచిత మనగా నేమో స్పష్టముగా నెరుగవలెను. ‘స్వయం’లో పాఠము నేర్చుటకు రుసుము లేదు. పరీక్ష వ్రాసి యోగ్యతాపత్రమును పొందగోరువారు మాత్రము పరీక్ష రుసుము చెల్లింపవలెను. ‘ఓపెన్‌లెర్న్’ వారు పాఠము ముగించినవారికి ఉచితముగా నిచ్చు పత్రము పట్టము కాదు. పేరు నమోదు చేయుదుమని చెప్పి సొమ్మడుగువారిని, బ్యాంకు ఖాతా వివరములను గాని ఫోనునకు వచ్చిన రహస్యాంకెను గాని అడుగువారిని నమ్మరాదు. పాఠము వినుటకు వానితో పనియే లేదు.

ఇంక అసలు చిక్కు వేరొకటి గలదు. 2011లో అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయపు ఆచార్యులు కృత్రిమ మేధను గూర్చి ఉచితముగా పాఠములు చెప్పగా, సుమారు 1,60,000 మంది పేర్లు వ్రాయించుకొనిరి. కడవరకు నిలిచినవారు సుమారు 23,000 మంది. ఇట్టి పాఠములలో చాలవానియందు నూటికి పదిమందియైనను ముగించుట లేదు. విత్తనము ఊరక దొరకినంత మాత్రమున పంట యింటికి రాదు గదా! దున్నుటయు, కలుపు తీయుటయు రైతు వంతే.

కావున మేము సూచించు పద్ధతి యిది. మొదట ఒక్క పాఠ్యక్రమమునే యెన్నుకొనుడు. అదియు పదిగంటలకు మించని చిన్నదిగా నుండవలెను. వారమునకు రెండు సాయంకాలములను నిర్ణయించి, అయిదారుగురు సభ్యులు సంఘ కార్యాలయమున కూడుడు. పాఠములు పెక్కు ఆంగ్లమున నున్నవి గనుక, చదువుకొనిన యువకుడో యువతియో ముందుగా పాఠమును చూచి, తెలుగున వివరించుట మేలు. ఐ.ఐ.టి.ల పాఠములను ప్రకటించు ఎన్.పి.టి.ఇ.ఎల్. వారు కొన్నింటికి తెలుగు అనువాదములను సమకూర్చియున్నారు. వానిని వెదకి చూడవచ్చును. ఒకరి ఫోనున దింపుకొనిన పాఠమును అందరును వినిన ఖర్చు తగ్గును. ఒకనాడు రానివానిని మరునాడు తక్కినవారు పిలుచుకొని వత్తురు. ఒంటరిగా విడిచిపెట్టు చదువు జట్టుగా నిలుచును.

ప్రతి పాఠమును వెంటనే మన లెక్కకు అన్వయించి చూడవలెను. నూటికింత యను లెక్కను నేర్చితిరనుకొందము. రూ. 50,000 అప్పు ఎనిమిది నెలలకు కావలెను. సంఘము ఏటికి నూటికి 7 చొప్పున ఇచ్చునెడల ఏటి వడ్డీ రూ. 3,500, ఎనిమిది నెలలకు రూ. 2,333 పైచిలుకు. బయటివ్యాపారి నెలకు నూటికి 2 రూపాయలని చెప్పును. రెండు ఏడుకంటె చిన్న అంకెయే. కాని అది నెలకు రూ. 1,000, ఎనిమిది నెలలకు రూ. 8,000. ఏటికి నూటికి 24 అన్నమాట. రెండింటికిని భేదము రూ. 5,666 పైచిలుకు. అంకెను విని సంతోషించిన వానికిని, కాలమును అడిగి లెక్క వేసికొనిన వానికిని గల భేద మింతటిది. ఈ లెక్క నేర్చుటకు పట్టము అక్కరలేదు. కొన్ని సాయంకాలములు చాలును.

పాఠములు నేర్చినంతనే పంటధర పెరుగదు, వాన కురియదు. అయినను రాబోవు సర్వసభ్య సమావేశమున ఒక్క సభ్యుడైనను లేచి, “ఈ పద్దు ఇక్కడ కేల వచ్చినది?” అని మర్యాదగా అడుగగలిగిన, కార్యదర్శికిని సంఘమునకును అది మేలే. రైతు సోదరీసోదరులారా! ఈ మాసముననే అయిదుగురు కూడి ఒక పాఠమును మొదలిడుడు. ఎట్లు సాగెనో సంఘ కార్యాలయమునకు వ్రాసి పంపుడు. ముందు సంచికలలో ప్రకటింతుము.