పువ్వు కలవని చోట

ఏం చెల్లాయ్, గోడకి పళ్ళేలు తగిలిస్తారా ఎవరైనా అని నవ్వుతున్నావు కదూ? మొదట్లో నేనూ నవ్వాను. బర్మింగ్‌హామ్ వచ్చిన కొత్తలో ఇంటి ఓనరమ్మ వంటింటి గోడ నిండా నీలం పింగాణీ చూసి, గూట్లో చోటు చాలక గోడెక్కించిందేమో అనుకున్నాను. ఇప్పుడు మా హాల్లో ఏడున్నాయి. ఎనిమిదోది తెస్తే తన ఫొటో దించాల్సొస్తుందని మీ బావగారి గొడవ!

వీటి పుట్టిల్లు స్టోక్ ఆన్ ట్రెంట్. మట్టీ బొగ్గూ పక్కపక్కనే దొరికే చోటు కనక 18వ శతాబ్దంలో అక్కడ వీధి వీధికీ బట్టీలు లేచాయి. చైనా నుంచి ఓడల్లో వచ్చే నీలం, తెలుపు పింగాణీ అంటే జనానికి మహా మోజు. కొనాలంటే మాత్రం డబ్బున్నవాళ్ళకే చెల్లు. 1784 ప్రాంతంలో జొసయా స్పోడ్ అనే ఆయన ఆ నీలి బొమ్మని చేత్తో గీసే పని లేకుండా అచ్చు వేసే పద్ధతిని కుదురుగా తీర్చాడు. రాగి రేకు మీద బొమ్మ చెక్కి, కోబాల్టు రంగు పట్టించి, పల్చటి కాగితం మీదికి అచ్చు తీస్తారు. ఆ కాగితాన్ని ఒకసారి కాల్చిన పళ్ళెం మీద పరిచి గట్టిగా రుద్దుతారు. కాగితం నీళ్ళతో కడిగేసి, పైన గాజు పూత పూసి మళ్ళీ బట్టీలో పెడతారు.

ఆ అతికించే పని ఎవరిదనుకున్నావు? ఆడవాళ్ళది. కత్తెర పట్టి కాగితాలు కత్తిరించేది ఆడపిల్లలు. నడిమి బొమ్మతో పేచీ లేదు. గుండ్రటి అంచు చుట్టూ కాగితం తిప్పుకొచ్చి చివర్లు కలిపేచోటే వస్తుంది చిక్కు. సగం పువ్వు ఇటు, సగం అటు. జాకెట్ కుట్టాక భుజం దగ్గర పువ్వు కలవదు చూడు, అచ్చం అలాగే. పెడన చీరలో అచ్చుకీ అచ్చుకీ నడుమ సన్నటి సందు చూశావు కదా, ఇదీ ఆ బాపతే. పళ్ళెం చేతికి రాగానే నేను ముందు వెతికేది ఆ అతుకునే.

ఎక్కువగా దొరికేది ‘విల్లో’ బొమ్మ. వంతెన మీద ముగ్గురు మనుషులు, పైన రెండు పిట్టలు. లేచిపోయిన ప్రేమజంటే అలా పిట్టలయ్యారని కథ చెబుతారు. చైనా కథేమో అనుకునేవు, ఇంగ్లండులోనే బొమ్మ చూసి అల్లుకున్నది! ఏనుగులెక్కి పులివేటకి వెళ్ళే మన దేశపు దృశ్యాలతో కూడా స్పోడ్ వాళ్ళు 19వ శతాబ్దం మొదట్లో ఓ వరస పళ్ళేలు వేశారు. ఇంగ్లండు పింగాణీని కళ్ళారా చూడాలంటే ఇంతదూరం రానక్కర్లేదు, హైదరాబాద్‌లో సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్ళు.

కొనేటప్పుడు మాత్రం కుండ కొన్నట్టే వేలితో కొట్టి చూడు. బొంగురుగా మోగితే ఎక్కడో పగులున్నట్టే. వెనక్కి తిప్పి ముద్ర చదువు. ‘ఇంగ్లండ్’ అని దేశం పేరుంటే చాలావరకు 1891 తర్వాతిదే, ఎందుకంటే అమెరికాకి పంపే సరుకు మీద దేశం పేరుండాలన్న చట్టం అప్పుడే అమల్లోకొచ్చింది. డైమండ్ ఆకారంలో ముద్ర ఉంటే ఆ నమూనాని 1842, 1883 మధ్య నమోదు చేయించారన్నమాట. ముచ్చటపడి అందులో పులుసు మాత్రం వడ్డించకు, పాత గాజు పూతలో సీసం ఉంటుంది.

తగిలించడానికి స్ప్రింగు తీగలు దొరుకుతాయి. కొక్కేలకి ప్లాస్టిక్ తొడుగున్నవే తీసుకో, లేకపోతే అంచు పెచ్చులూడుతుంది. పొయ్యికి దూరంగా పెట్టు. ముందు నేల మీద పరిచి వరస కుదిరాకే మేకు కొట్టు.

మా ఏడింట్లో ఆరింటికి అతుకు కనిపెట్టాను. ఏడోదానికి మాత్రం భూతద్దం పెట్టినా దొరకలేదు. ఏ తల్లి అతికించిందో, పువ్వుకి పువ్వు కలిసిపోయింది. ఈసారి వచ్చినప్పుడు కాస్త నువ్వు చూసి చెబుదువుగాని.