ఫిర్యాదు, దర్యాప్తు, హక్కు

తెలుగులో పోలీసు స్టేషనుకు రక్షకభట నిలయమని పేరు. ఆ సంస్థ ధర్మమేమిటో ఆ పేరే చెప్పుచున్నది. అయితే సామాన్యుడు ఆ గడప తొక్కినపుడు పలికే మాటలు అధికభాగం ఉర్దూ ద్వారా మనకు సంక్రమించినవే. ఫిర్యాదు అనగా మూలార్థంలో సహాయం కోరే ఆక్రందన. దర్యాప్తు అనగా తెలిసికొనుట. హక్కు అనే అరబ్బీ పదానికి సత్యమనే అర్థం కూడా కలదు. శాంతిభద్రతల సంస్థలు బలపడితే మానవ హక్కులు క్షీణిస్తాయని కొందరూ, హక్కులనే మాట ఎత్తితే పోలీసుల చేతులు కట్టినట్లేనని మరికొందరూ తలచుచున్నారు. ఈ మూడు మాటల వెంట నడచి చూచినచో రెండు అభిప్రాయాలూ సరికావని మాకు తోచుచున్నది.

మొదటిది ఫిర్యాదు. 1978లో మన జంటనగరాలలోని నల్లకుంట పోలీసు స్టేషనులో ఒక పేద ముస్లిం మహిళ తనపై అత్యాచారం జరిగినదని ఆరోపించినది. రిక్షా కార్మికుడైన ఆమె భర్త దెబ్బలకు మరణించినాడు. నగరం అట్టుడికినది. ప్రభుత్వం నియమించిన జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులను దోషులుగా నిర్ధారించినది. కాని కర్ణాటకలోని రాయచూరుకు బదిలీ అయిన కేసులో న్యాయస్థానం 1981లో నిందితులను నిర్దోషులుగా విడిచిపెట్టినది. విచారణ కమిషన్ నివేదిక న్యాయస్థానాన్ని కట్టిపడవేయదు. కమిషన్ ముందు ఒకరిచ్చిన వాఙ్మూలాన్ని వారిపైనే నేరవిచారణలో సాక్ష్యంగా వాడరాదని 1952 నాటి చట్టం చెప్పుచున్నది. కనుక తొలి గంటలలో, తొలి కాగితంపై నమోదు కాని సత్యాన్ని తరువాత ఎంత పెద్ద కమిషన్ వెలికితీసినా శిక్ష పడుట కష్టం. ఈ ఉదంతమూ, మహారాష్ట్రలోని మథుర కేసూ రేపిన ఆందోళన వృథా పోలేదు. 1983లో శిక్షాస్మృతిని సవరించి, నిర్బంధంలో జరిగే అత్యాచారానికి కఠినశిక్ష విధించినారు.

రెండవది దర్యాప్తు. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలి నమాజుకు వచ్చినవారు ప్రాణాలు కోల్పోయినారు. పిదప అనేకమంది ముస్లిం యువకులను నిర్బంధించినారు. వారిపై మోపిన కేసులు న్యాయస్థానంలో నిలువలేదు. 2012లో రాష్ట్ర ప్రభుత్వం వారికి పరిహారమూ, సచ్ఛీలతా పత్రాలూ ఇచ్చినది. ఆ పరిహారపు ఉత్తర్వును 2013లో హైకోర్టు కొట్టివేసినది. పేలుడు కేసులో విచారణ ఎదుర్కొన్న వేరే అయిదుగురిని కూడా 2018లో ప్రత్యేక న్యాయస్థానం నిర్దోషులుగా ప్రకటించినది. ఇందు నష్టపోయినది ఎవరు? నిష్కారణంగా చెరసాల చూచిన యువకులు మాత్రమే కాదు, న్యాయం దక్కని మృతుల కుటుంబాలు కూడా.

మూడవది హక్కు. 1986లో పశ్చిమ బెంగాల్ న్యాయసహాయ సంస్థ అధ్యక్షుడు డి.కె. బసు లాకప్ మరణాలను గురించి సుప్రీం కోర్టుకు లేఖ వ్రాసినారు. ఆ లేఖనే పిటిషనుగా స్వీకరించిన కోర్టు 1996 డిసెంబరులో పదకొండు ఆదేశాలు ఇచ్చినది. అరెస్టు చేయువారి పేరు, హోదా స్పష్టంగా కనిపించవలెను. అరెస్టు పత్రంపై సాక్షి సంతకం ఉండవలెను. బంధువులకు తెలుపవలెను. నలభై ఎనిమిది గంటలకొకసారి వైద్యపరీక్ష జరుపవలెను. 2020లో అదే కోర్టు ప్రతి పోలీసు స్టేషనులో సీసీ కెమెరాలు అమర్చవలెనని ఆదేశించినది. ఈ నియమాలు నిజాయితీగల పోలీసుకు కూడా రక్షయే. తనపై అబద్ధపు నింద పడినపుడు ఆ పత్రమే అతని సాక్షి.

పోలీసు వ్యవస్థను సంస్కరించవలెనని కోరినవారిలో పోలీసులు కూడా ఉన్నారు. పోలీసు డైరెక్టర్ జనరల్‌గా పనిచేసిన ప్రకాశ్ సింగ్ వేసిన పిటిషనుపై 2006లో సుప్రీం కోర్టు తీర్పు చెప్పినది. ఉన్నతాధికారులకు కనీసం రెండేళ్ల పదవీకాలం ఉండవలెననీ, దర్యాప్తు విభాగాన్ని శాంతిభద్రతల విభాగం నుండి వేరుచేయవలెననీ, పోలీసులపై ఫిర్యాదులు వినుటకు ప్రత్యేక ప్రాధికార సంస్థలు ఏర్పరచవలెననీ అందు ఆదేశించినది. బదిలీ భయంతో పనిచేసే అధికారి నిష్పక్షపాతంగా దర్యాప్తు చేయలేడు. అట్లే అధ్యక్షుడు లేని హక్కుల కమిషన్ ఎవరినీ కాపాడజాలదు. తెలంగాణ మానవ హక్కుల కమిషన్ 2022 చివరి నుండి రెండేళ్లకు పైగా ఖాళీగా ఉండి 2025లో గాని పునర్నియామకానికి నోచుకోలేదు.

ఇక విద్యార్థులు తెలిసికొనదగిన విషయాలు కొన్ని. బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్టుకు నాగపూరు రహదారి మీదుగా రాత్రివేళ సరకు తెచ్చే లారీ డ్రైవరుకైనా, ఆ సరకు దించే హమాలీకైనా ఇవి వర్తిస్తాయి. 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం, నేరం ఏ స్టేషను పరిధిలో జరిగినా ఎక్కడైనా ఫిర్యాదు ఇవ్వవచ్చును. దాని ప్రతిని ఉచితంగా పొందవచ్చును. అరెస్టుకు కారణం చెప్పవలెను. ప్రయాణకాలం మినహా ఇరవై నాలుగు గంటలలో మేజిస్ట్రేటు ఎదుట హాజరుపరచవలెను. సాక్ష్యం కొరకు స్త్రీని స్టేషనుకు పిలువరాదు. ఆమె నివాసంలోనే విచారించవలెను. వకీలును పెట్టుకొనలేనివారికి న్యాయసేవాధికార సంస్థ ఉచిత సహాయం అందించును. దాని ఫోను సంఖ్య 15100. హక్కుల కమిషనుకు ఏడాదిలోపుగా ఫిర్యాదు చేయవలెను.

మన విద్యార్థులలో కొందరు రేపు పోలీసు ఉద్యోగులు కాగలరు, కొందరు వకీళ్లు కాగలరు. తక్కినవారు ఏదో ఒకనాడు ఇరుగుపొరుగువారి పక్షాన ఫిర్యాదు వ్రాసిపెట్టవలసి రావచ్చును. ఆ కాగితంలో తేదీ, వేళ, స్థలం, చూచినవారి పేర్లు ఉన్నవి ఉన్నట్లుగా వ్రాయుట నేర్చుకొనవలెను. అది తెలుగులో ఉన్నను, ఉర్దూలో ఉన్నను, అందలి సత్యమే పేదవాని హక్కుకు ఆధారం కాగలదు.