ముందు విప్పు, తర్వాతే కొలిమి

చిరంజీవి అమ్మలుకి,

నీ ఉత్తరం అందింది. సెలవుల్లో మన ఆటోనగర్ తుక్కు కొట్టుకి వచ్చి పని నేర్చుకుంటానని రాసిన ముక్కని మీ మామయ్యకి రెండుసార్లు చదివి వినిపించాను. చివర్లో అడిగావు చూడు, "పాత ఇనుము కరిగిస్తే ప్రకృతికి మేలని మా పుస్తకంలో ఉంది. మరి మన కొట్టు వెనక నేల అంత నల్లగా ఎందుకుంటుంది తాతయ్యా?" అని, ఆ ప్రశ్న నన్ను రాత్రి నిద్రపోనివ్వలేదు. అందుకే ఇంత పొడుగు జవాబు.

పుస్తకంలో ఉన్నది నిజం. నువ్వు కళ్లారా చూసిందీ నిజమే. ఆ రెండింటి మధ్యా ఒక పని ఉంది. దాన్ని పాలిటెక్నిక్‌లో పెద్దగా నేర్పరు, కొట్లో కూడా ఓపిగ్గా చేసేవాళ్లు తక్కువ. విడదీయడం.

ముందు పుస్తకం మాట చూద్దాం. ఒక టన్ను తుక్కుని మళ్లీ ఉక్కుగా వాడుకుంటే దాదాపు 1.4 టన్నుల ఇనుప ఖనిజం, 740 కిలోల బొగ్గు, 120 కిలోల సున్నపురాయి మిగులుతాయని ప్రపంచ ఉక్కు సంఘం లెక్క. బొగ్గుపులుసు వాయువు టన్నున్నర దాకా తగ్గుతుందట. మన విశాఖ కర్మాగారాన్నే తీసుకో. ఖనిజం బైలదిల్లా కొండల నుంచి రావాలి, కోక్ చేసే బొగ్గు చాలామటుకు ఆస్ట్రేలియా నుంచి ఓడలెక్కి రావాలి. మన కొట్టు ముందు పడున్న లారీ ఛాసిస్ కోసం ఆ తవ్వకాలూ ఆ ప్రయాణాలూ ఎప్పుడో అయిపోయాయి. దాన్ని మట్టిలో తుప్పు పట్టనిస్తే అవన్నీ మళ్లీ మొదలుపెట్టాల్సిందే.

సత్తు గిన్నె సంగతి ఇంకా గట్టిది. టన్ను అల్యూమినియం కావాలంటే నాలుగు టన్నుల దాకా బాక్సైట్ తవ్వాలి. దాన్ని కాస్టిక్ సోడాలో ఉడికించి రెండు టన్నుల అల్యూమినా తీయాలి, మిగిలిన ఎర్రబురదకి చెరువులాంటి గుంట కట్టి ఏళ్ల తరబడి కాపలా కాయాలి. ఆపైన ఆ అల్యూమినా నుంచి లోహం విడగొట్టడానికి సుమారు 14,000 యూనిట్ల కరెంటు. అదే పాత గిన్నె అయితే 660 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది, కొత్త లోహానికి పట్టే శక్తిలో 5 శాతంతో పని అయిపోతుంది. మన అరకు, చింతపల్లి కొండల్లో బాక్సైట్ ఉంది. తవ్వితే ఊటలు ఎండిపోతాయని అక్కడి గిరిజనులు ఏళ్ల తరబడి పోరాడారు. మీ అమ్మమ్మ సొట్ట గిన్నె పారేయబోతే నేను చేతిలోంచి లాక్కునేది ఆ కొండలు గుర్తొచ్చే.

ఇక నల్లనేల. దాని దగ్గరికి రావాలంటే ముందు విప్పడం సంగతి చెప్పాలి.

కాలిపోయిన నీళ్ల మోటారు ఒకటి నీ కోసం విప్పకుండా ఉంచాను. బరువుకి ఇనుము కిందే వచ్చింది. కానీ విప్పితే పై బాడీ బీడు. లోపల వరసగా పేర్చిన పల్చటి స్టాంపింగులు సిలికాన్ కలిసిన ఉక్కు. వాటి గాడుల్లో చుట్టింది రాగి తీగ. రోటర్ గాడుల్లో పోసింది అల్యూమినియం. షాఫ్టు ఒక ఉక్కు, బేరింగులు ఇంకో ఉక్కు. కొన్నిట్లో నీళ్లు తోడే చక్రం ఇత్తడి. చూడ్డానికి ఒకటే ముద్ద, అందులో ఆరేడు లోహాలు.

దాన్ని అలాగే ఇనుప లాట్‌లో పడేసి ఫర్నేసుకి పంపితే ఏమవుతుందో నువ్వు కచ్చితంగా తెలుసుకోవాలి. కరిగిన ఉక్కులోకి ఆక్సిజన్ ఊదితే కార్బన్, సిలికాన్, మాంగనీసు ముందుగా మండి వాయువుగానో చిట్టెంగానో బయటికి పోతాయి. రాగి పోదు. ఇనుముకున్నంత ఆత్రం రాగికి ఆక్సిజన్ మీద లేదు కాబట్టి, దాన్ని తీయాలని ఊదుతూ పోతే ముందు ఇనుమే కాలిపోతుంది. ఒకసారి కలిసిన రాగి ఇక ఆ ఉక్కుని వదలదు. తర్వాత ఆ దిమ్మెను ఎర్రగా కాల్చి రోలింగుకి పెట్టినప్పుడు పైపొరలో ఇనుము పొక్కు కట్టి రాలుతుంది, రాగి మిగిలి అడుగున చిక్కబడుతుంది. రాగి 1,085 డిగ్రీలకే కరుగుతుంది, రోలింగు వేడి అంతకంటే ఎక్కువ. కరిగిన రాగి ఉక్కు రేణువుల సందుల్లోకి దిగి పైన పగుళ్లు తెస్తుంది. ఆ పగుళ్లు రానివ్వకూడదంటే కొత్త ఇనుము కలిపి రాగి పాలు తగ్గించాలి. కొత్త ఇనుమంటే మళ్లీ కొండే కదా! నేను ఇన్నేళ్లూ రాగిని ధర కోసమే తీశాను. ఇనుము ధరకి రాగి ధర పదిరెట్ల పైమాట. ఇనుము బాగు కోసం కూడా తీయాలని ఒక ఫర్నేసు మేస్త్రీ చెబితేగానీ నాకు తెలియలేదు. మన వైపు ఎక్కువగా ఉండే ఇండక్షన్ ఫర్నేసుల్లో శుద్ధి చేసే వీలు మరీ తక్కువ. లోపలికి ఏది వేస్తే బయటికి దాదాపు అదే వస్తుంది. కాబట్టి శుద్ధి జరగాల్సింది మన కొట్టు గచ్చు మీదే.

మరి నేల నల్లబడింది నా వల్లే, అమ్మలూ. కొత్తలో తీగలు ఒలిచే ఓపిక లేక చీకటి పడ్డాక కుప్పపోసి తగలబెట్టేవాణ్ణి. ప్లాస్టిక్ తొడుగు మండితే ఉప్పు ఆమ్లపు ఆవిరి వస్తుంది, డయాక్సిన్లు పుడతాయి. అవి మట్టిలో చేరి, మేతలో చేరి, పాలల్లోకి వస్తాయి. అప్పుడు నాకు తెలిసింది ఒక్కటే: మీ అమ్మమ్మ దండెం మీద ఆరేసిన బట్టలకి పొద్దున్నే మసి ఉండేది. పని కుర్రాళ్ల కళ్లు మండేవి. ఆ కుర్రాళ్లలో ఒకడు చాలాకాలం దగ్గాడు, దేనివల్లో నేను చెప్పలేను, కానీ వాణ్ణి ఆ పొగలో నిలబెట్టింది నేనే. పైగా కాల్చిన రాగి నల్లబడి ధర కూడా తక్కువే పలికేది. ఇప్పుడు చేత్తో తిప్పే మిషనుంది, తొడుగు నిలువునా చీలి తీగ మెరుస్తూ బయటికి వస్తుంది.

బ్యాటరీ మాత్రం నువ్వు విప్పకు. దానిలోని సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది, పొయ్యి మీద కూడా కరిగించవచ్చు. అదే దాని ప్రమాదం. సీసం ధూళి పిల్లల మెదడుని దెబ్బతీస్తుంది. బ్యాటరీ నమోదైన రీసైక్లర్‌కే పోవాలని 2022 నిబంధనలు చెబుతున్నాయి, మనం అలాగే పంపుతున్నాం. మూసి ఉన్న సిలిండరు, షాక్ అబ్జార్బరు గ్యాస్ కట్టరుకి దగ్గరగా రానివ్వకు. మూడు రేకుల రేడియేషన్ గుర్తు ఉన్న వస్తువు కనిపిస్తే ముట్టుకోకుండా అందర్నీ దూరం పంపి నాకు చెప్పు. 2010 ఏప్రిల్‌లో ఢిల్లీ మాయాపురి తుక్కు బజారులో పాత ప్రయోగశాల యంత్రంలోంచి కోబాల్ట్-60 బయటపడి ఒక మనిషి చనిపోయాడు. విప్పినవాళ్లకి అదేమిటో తెలియదు.

మొదటి వారం నీ చేతికి సూదంటురాయి ఇస్తాను. అంటుకుంటే ఇనుము జాతి, లేకపోతే రాగి, ఇత్తడి, సత్తు. కానీ దాన్నే నమ్ముకోకు. వంటింటి స్టీలు గిన్నెల్లో చాలావాటికి అది అంటదు. అనుమానం వస్తే గ్రైండరుకి తాకించి రవ్వలు చూడాలి. బీడు రవ్వలు పొట్టిగా ఎర్రగా రాలతాయి, మెత్తటి ఉక్కు రవ్వలు పొడుగ్గా పసుప్పచ్చగా పరుగెడతాయి. నీ చేతిలో రాసే పుస్తకం ఉంటుంది కాబట్టి నేను కళ్లతో పట్టుకున్నది నువ్వు రాసి పెట్టవచ్చు. తర్వాత వచ్చే కుర్రాళ్లకి పనికొస్తుంది.

మందపు అడుగున్న బూట్లు తెచ్చుకో, చేతి తొడుగులు ఇక్కడున్నాయి. వచ్చిన రోజే ఆ మోటారు ఇద్దరం కలిసి విప్పుదాం. రాగి ఎంత దిగిందో కాటా మీద నువ్వే తూచు, ఒక్క చుట్ట కూడా గాడుల్లో మిగలకూడదు.

ఇట్లు,
మీ తాతయ్య