కార్డు అప్పు, కోర్టు కాగితము

ఈ సంచికలో క్రెడిట్ కార్డు అప్పును గూర్చి కొంత నేర్చుకొందము. రెండవ రాజుల గ్రంథము 4వ అధ్యాయములోని విధవరాలి సంగతి మనమందరము ఎరిగినదే. అప్పులవాడు కుమారుల కొరకు వచ్చినప్పుడు ఆమె దానిని దాచిపెట్టుకొనక, మొదట పోయి ఎలీషాతో చెప్పుకొన్నది. మన ఇండ్లలో అప్పు సంగతి చిట్టచివర బయటపడుచున్నది.

మా సంఘములోని ఒక కుటుంబము చిత్తూరు జిల్లా నుండి వచ్చి కె.ఆర్.పురంలో స్థిరపడినది. కుమారుని ఉద్యోగము పోయినప్పుడు ఇంటి అద్దె, పిల్ల స్కూలు ఫీజు కార్డు మీదనే నడిపినాడు. తరువాత ఇల్లు మారినాడు, ఫోను నంబరు మార్చినాడు, బ్యాంకుకు మాత్రము తెలుపలేదు. కోర్టు సమను పాత ఇంటికి పోయినది. ఎవరును హాజరు కానందున ఎక్స్‌పార్టీ డిక్రీ అయినది. కొత్త ఉద్యోగములో జీతము జప్తు ఉత్తర్వు వచ్చిన తరువాతనే తండ్రికి తెలిసినది. ఆయన ప్రతి ఆదివారము మా ప్రక్కనే కూర్చుండెడివాడు. ఆయన చెప్పలేదు, మేమును అడుగలేదు.

మొదట లెక్క చూతము. లక్ష రూపాయల బాకీకి నెలకు 3.5 శాతము వడ్డీ అనుకొందము. వడ్డీ 3,500. దాని మీద 18 శాతము జి.ఎస్.టి. 630. కనీస మొత్తమని 5,000 కట్టినచో అసలులో తగ్గునది 870 రూపాయలే. బాకీ ఉన్నంత కాలము కొత్తగా కొన్నవాటికిని మొదటి రోజు నుండియే వడ్డీ పడును. ఏటికి 30 శాతము మించరాదని 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ చెప్పినది గాని, 2024 డిసెంబరు 20న సుప్రీం కోర్టు ఆ తీర్పును కొట్టివేసినది. కావున వడ్డీ దానంతట అదే తగ్గునని ఆశపడవద్దు.

ఇక జైలు భయము. కార్డు అప్పు కట్టలేకపోవుట సివిలు వ్యవహారము. కట్టగలిగియుండి మోసబుద్ధితో ఎగవేసినవాడు వేరు, నిజముగా లేనివాడు వేరు అని 1980లో జాలీ జార్జి వర్గీస్ కేసులో సుప్రీం కోర్టు స్పష్టము చేసినది. పోలీసులు బయలుదేరినారని ఫోనులో బెదిరించువారి మాట నమ్మి వణకనక్కరలేదు. వసూలు ఏజెంట్లు ఉదయము 8 గంటలకు ముందు, రాత్రి 7 తరువాత ఫోను చేయరాదని రిజర్వు బ్యాంకు 2022లో ఆదేశించినది. మీరితే బ్యాంకుకు వ్రాతపూర్వకముగా ఫిర్యాదు చేయవలెను. 30 రోజులలో జవాబు రానియెడల రిజర్వు బ్యాంకు ఓంబుడ్స్‌మన్‌కు ఉచితముగా వ్రాయవచ్చును.

అయితే చెక్కు సంగతి వేరు. ఏజెంటు ఒత్తిడికి ముందు తేదీ వేసి చెక్కు ఇచ్చి, అది తిరిగివచ్చినచో నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టము 138వ సెక్షను పట్టును. శిక్ష రెండేండ్ల వరకు. నోటీసు చేతికందిన 15 రోజులలో ఆ సొమ్ము కట్టినయెడల కేసు నిలువదు. ఖాతాలో డబ్బు లేనప్పుడు చెక్కు మీద సంతకము చేయకుడి. ఖాతా నుండి నెలనెలా కోసికొనుటకు అనుమతి ఇచ్చి, సొమ్ము లేక తప్పినను ఇటువంటి శిక్షయే ఉన్నది.

సమను వచ్చినచో తీసికొనుడి, తిప్పి పంపకుడి. జవాబు దాఖలుకు సాధారణముగా 30 రోజులు. సమను సరిగా అందకుండ ఎక్స్‌పార్టీ డిక్రీ అయినయెడల, తెలిసిన 30 రోజులలో దానిని రద్దు చేయమని అడుగవచ్చును. పైన చెప్పిన కుటుంబము ఆ దారినే పోయినది. జప్తు వచ్చినను జీతములో మొదటి వెయ్యి రూపాయలను, మిగిలినదానిలో మూడింట రెండు వంతులను ముట్టరాదు.

మూడేండ్లు దాగియున్నచో బాకీ చెల్లదని కొందరు యువకులు చెప్పగా విన్నాము. మూడేండ్లలోపు ఎప్పుడైనను దావా వేయవచ్చును. ఈలోగా సంతకముతో బాకీ ఒప్పుకొన్నచో లెక్క మళ్లీ మొదలగును. వాడుకొన్న సొమ్ముకు అటువంటి ఉపాయము వెదకుట మాకు రుచింపదు కూడ.

బ్యాంకుతో రాజీకి పోవునప్పుడు మొత్తము, గడువు గల లేఖ మొదట తీసికొని, తరువాతనే కార్డు ఖాతాకు కట్టవలెను. ఏజెంటు చేతికి నగదు ఇవ్వకుడి. కట్టిన పిమ్మట బాకీ లేదను పత్రము అడుగుడి. రాజీ చేసినచో సిబిల్‌లో ‘సెటిల్డ్’ అని పడును, రేపు ఇంటి లోనుకు అది అడ్డము రావచ్చును. పూర్తిగా కట్టగలవారు వాయిదాలే అడుగుట మేలు.

లోక్ అదాలత్‌లో కేసు వేయక మునుపే రాజీ కుదుర్చుకొనవచ్చును. అక్కడి తీర్పు డిక్రీతో సమానము, అప్పీలు లేదు. కావున కట్టగలిగిన మొత్తమునకే ఒప్పుకొనుడి. హెచ్. సిద్ధయ్య రోడ్డులోని న్యాయ దేగులలో కర్ణాటక రాష్ట్ర న్యాయసేవల ప్రాధికారము ఉన్నది. స్త్రీలకు, వికలాంగులకు ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచిత వకీలును ఇత్తురు. నోటీసు కవరుతో సహా, కార్డు స్టేట్‌మెంట్లు, జీతపు చీటీలు వెంట తీసికొనిపోవుడి. కన్నడము చదువరాని పెద్దలు ఆరాధన తరువాత మాలో ఎవరినైనను అడిగినచో తోడు వచ్చెదము.